మూడో గడి

ఆప్షన్ ఫారంల గడులు మూడే.
రెండు నింపిన. మూడోది ఖాళీగ ఉంది,
పన్ను ఊడిన జాగ లెక్క,
నాలుక మాటిమాటికి అటే పోతంది.

జెనెటిక్సా, మైక్రోబయాలజీయా,
లేకుంటే పట్టుపురుగుల పెంపకమా.
రేపు నాలుగింటికి కిటికి మూస్తమని నోటీసు.
ఓదేలు సారు మూడుంబావుకే షట్టర్ గుంజుతడని
కాలేజీల గోడలకు గూడ ఎరుకే.

సీనియర్ మేఘమాల చెప్పింది:
"మైక్రో జోలికి పోకు, రికార్డు తొంభై పేజీలు,
బొమ్మకొక పెన్సిల్ అరుగుతది.
పట్టుపురుగులే నయం.
అవి తింటయి, పంటయి, మళ్ల తింటయి.
మార్కులు వాటంతట అవే గూడు కట్టుకుంటయి."

ఆస్మా ఒక్కటే అన్నది:
"ఏదన్న తీస్కో, బల్ల మాత్రం ఒక్కటే ఉండాలె."

నా రోజు ఇట్ల కోసుంటది:
ఐదున్నరకు చౌరస్త కాడి ల్యాబుల
నరం దొరకని చేతిని తట్టి తట్టి నెత్తురు తీసుడు.
షుగరుకు బూడిద రంగు మూత, సీబీపీకి ఊద రంగు మూత.
తొమ్మిదింటికి చేతులు కడుక్కొని ఆటో.
తరగతిల మొదటి గంట నా కండ్లు నా మాట వినయి.
రాత్రి నయీంనగర్ రూముల
ఉత్తరేణి కొమ్మను పాత పేపర్ల నడుమ వెట్టి
మీద రూమోళ్ల గ్యాసుబండ ఎత్తుడు.
పొద్దున దాని రెండు పేర్లు తప్పు లేకుంట రాయాలె,
చిన్నప్పుడు అది నా లంగ అంచుకు అంటుకున్నప్పుడు
దానికి ఒక్క పేరు గూడ అవసరం పడలె.

జెనెటిక్స్ ప్రాక్టికల్ మంగళ, శుక్రవారాలు, ఎనిమిదింటికి.
ఉల్లిగడ్డ వేరు పొద్దుగాలనే బాగ చీలుతదట,
కణం ఎవ్వరి డ్యూటీ చూసి ఆగదు.

ఎనుమాముల మార్కెట్ల బస్తాలు మోసే మా నాయిన
ఫోన్ల తుమ్ముకుంట అడిగిండు:
"గీ జెనెటిక్స్ అంటె ఏంది బిడ్డా?"
"నా చెవులు మేనత్త చెవుల లెక్క ఎందుకున్నయో
చెప్పే చదువు నాయినా."
"గది తెల్వనీకి పరీక్ష ఎందుకే?
మీ మేనత్తను నేను చూడలేదా!"
మళ్ల తుమ్మిండు. మిరప సీజను.

నవ్వుకుంట పండుకున్న. నిద్ర రాలె.

పోయిన నెల ఏటూరునాగారం దిక్కుకెల్లి
ఒకామె ఇద్దరు పోరగాండ్లను తోలుకొచ్చింది.
పెద్దోనికి కీళ్ల నొప్పులు, చిన్నోడు కుర్చీల మీద ఎగురుతండు.
రిపోర్టుల సికిల్ సెల్ అని ఉంది.
"ఇద్దరు నా కడుపుల పుట్టినోళ్లేనాయె,
వీనికే ఎందుకొచ్చింది చెల్లే?"
పదింటికి డాక్టరు సారొస్తడని చెప్పిన.
పుస్తకంల గీతలు గీసిన జవాబు
గొంతు దాంక వచ్చి ఆగింది,
సగమే వచ్చు నాకు. సగం జవాబు
ఆమె చేతుల వెట్టబుద్ధి గాలె.

పొద్దున ల్యాబు ఓనరును అడిగిన:
వారంల రెండు రోజులు ఏడున్నరకే పోత.
కాల్కులేటర్ నొక్కిండు.
ఎనిమిది వందలు కట్.
ఎనిమిది వందలంటె నెల టిఫిను.
సరే అన్న.
సరే అనంగ నోరు ఎండింది, ఆకలి అప్పుడే అయినట్టు.

మూడుంబావు. షట్టర్ సగం దిగింది.
వంగి లోపలికి చెయ్యి వెట్టి ఫారం ఇచ్చిన.
ఓదేలు సారు కండ్లద్దాలు పైకి జరిపి:
"పెన్సిలుతోని రాసినవేంది?
రేపు తుడుపుదామనా?"
ఎవరిదో నీలి పెన్ను అడుక్కొని
అవే అక్షరాల మీద మళ్ల దిద్దిన.
ఒక ఒత్తు కాడ కాయిదం చిరిగింది.

రూముల కిటికి మీద, చాయ గిలాసల
ఆస్మా కూసోవెట్టిన ఉల్లిగడ్డ.
నీళ్లు మార్చాలె, ఎవరి వంతో యాదికి లేదు.